‘యా బునయ్యా!’ - మన పిల్లల మాట ఎవరు వింటున్నారు?

దివ్య ఖుర్ఆన్‌లో తండ్రి తన కుమారుణ్ణి పిలిచే ఒక పిలుపు ఉంది: ‘యా బునయ్యా’. అరబీలో కుమారుణ్ణి ‘ఇబ్న్’ అంటారు. మామూలుగా పిలవాలంటే ‘యా ఇబ్నీ’ అంటే సరిపోతుంది. ఆ పదాన్నే కుదించి, అందులో ముద్దును కలిపి పలికితే ‘బునయ్య’ అవుతుంది. మదర్సాలో వ్యాకరణం చదివే పిల్లలకు దీన్ని ‘తస్‌గీర్’ అని నేర్పుతారు. తెలుగు ఇళ్ళలో కొడుకును ‘నాన్నా’, ‘చిట్టి తండ్రీ’ అంటారే, ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో ‘మేరే లాల్’ అంటారే, అలాంటి పిలుపన్నమాట.

ఈ పిలుపు ఖుర్ఆన్‌లో ఆరు చోట్ల వస్తుంది. పిలిచిన తండ్రులు నలుగురు: హజ్రత్ నూహ్ (అ), హజ్రత్ ఇబ్రాహీమ్ (అ), హజ్రత్ యాఖూబ్ (అ), మహా వివేకి లుఖ్మాన్. ఒక్క లుఖ్మానే మూడుసార్లు పిలిచారు. ఈ నలుగురూ నాలుగు వేర్వేరు సందర్భాలలో ఈ మాట పలికారు. ఆ సందర్భాలను ఒక్కొక్కటిగా చూస్తే, పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలున్న ప్రతి ఇంటికీ వాటితో పని ఉందని మాకు అనిపిస్తుంది.

యాఖూబ్ (అ) దగ్గరికి చిన్నారి యూసుఫ్ (అ) వచ్చి తనకొచ్చిన కల చెప్పుకున్నారు. పదకొండు నక్షత్రాలు, సూర్యుడు, చంద్రుడు తన ముందు సాష్టాంగపడుతున్నట్లు కల! పిల్లవాడి నోట ఇంత పెద్ద కల వినగానే మనమైతే ఏం చేస్తాం? ‘పోయి చదువుకో’ అంటాం. లేదా నలుగురిలో చెప్పి నవ్వుతాం. యాఖూబ్ (అ) నవ్వలేదు, కసరలేదు. పూర్తిగా విన్నారు. ‘బునయ్యా’ అని పిలిచి, ఈ కలను నీ అన్నలకు చెప్పవద్దని జాగ్రత్త చెప్పారు, అల్లాహ్ నిన్ను ఎన్నుకుంటాడని ధైర్యం చెప్పారు. ఇక్కడ మరో విషయం గమనించండి. ఆ పిల్లవాడు తన కలను ముందుగా చెప్పుకున్నది తండ్రికే. ఏం చెప్పినా నాన్న వింటాడన్న నమ్మకం ముందే ఉంటే తప్ప ఏ పిల్లవాడూ అలా పరుగెత్తుకుని రాడు.

ఇబ్రాహీమ్ (అ) సందర్భం ఇంకా బరువైనది. కుమారుణ్ణి జిబహ్ చేస్తున్నట్లు ఆయనకు కల వచ్చింది. ప్రవక్తల కల దైవాజ్ఞ. అందులో సలహా అడగవలసిన అవసరమే లేదు. అయినా ఆయన ‘బునయ్యా’ అని పిలిచి, ఇందులో నీ అభిప్రాయమేమిటో ఆలోచించి చెప్పు అని కుమారుణ్ణి అడిగారు. దైవాజ్ఞ విషయంలోనే కొడుకును అడిగిన తండ్రి ఆయన. మరి మనమో! ఫలానా వాళ్ళబ్బాయి ఎం.పి.సి.లో చేరాడని మన అబ్బాయినీ అందులోనే పడేస్తాం. మన అబ్బాయిని ఎం.పి.సి.లో చేర్చమని మనకేమైనా వహీ వచ్చిందా?

లుఖ్మాన్ తన కుమారునికి చేసిన ఉపదేశం మనందరికీ తెలిసిందే. తౌహీద్, తల్లిదండ్రుల హక్కు, నమాజు, సహనం, నడకలో వినయం, గొంతు తగ్గించి మాట్లాడటం, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఆ వరుసలో గొంతు తగ్గించమన్న మాట చివరన వస్తుంది. ఉపదేశం మొదలైంది మాత్రం ముద్దు పిలుపుతో. మన ఇళ్ళలో చాలా ఉపదేశాలు పెద్ద గొంతుతో మొదలవుతాయి, పిల్లవాడు తలుపు వేసుకోవటంతో ముగుస్తాయి.

ఇక నూహ్ (అ). తుఫాను వచ్చేసింది, అలలు కొండల్లా లేస్తున్నాయి. కొడుకు తిరస్కారుల వైపు నిలబడ్డాడు. కొండెక్కి ప్రాణం కాపాడుకుంటానంటున్నాడు. మాట వినని కొడుకును ఆ చివరి క్షణంలో తండ్రి ఏమని పిలిచారు? ‘బునయ్యా’ అనే పిలిచారు. మాట వినలేదని పిలుపు మార్చలేదు. మొండికేసిన పదిహేనేళ్ళ కొడుకుతో విసిగిపోయి, ‘వీడు నాకు పుట్టనే లేదనుకుంటాను’ అనే తండ్రులు ఈ ఆయత్‌ను ఒకసారి నిదానంగా చదవాలి.

పద్నాలుగు నుంచి పదిహేడేళ్ళ వయసు

మన రాష్ట్రాలలో పిల్లల జీవితం మలుపు తిరిగేది ఈ మూడు నాలుగేళ్ళలోనే. తొమ్మిదో తరగతిలో ఆట వస్తువుగా ఉన్నవాడు పదో తరగతి పూర్తయ్యే వేసవిలో తన బతుకుతెరువు ఏమిటో తేల్చుకోవాలి. నిజం చెప్పాలంటే తేల్చేది వాడు కాదు. ఒక ఇంట్లో మేనమామ తేలుస్తాడు, మరో ఇంట్లో గల్ఫ్ నుంచి ఫోను చేసిన చిన్నాన్న తేలుస్తాడు, ఇంకో ఇంట్లో ఇంటింటికీ తిరిగే కాలేజీ ఏజెంటు తేలుస్తాడు. కొన్ని ఇళ్ళలో అప్పు తేలుస్తుంది. పదో తరగతి పరీక్ష రాసిన మర్నాటి నుంచే మెకానిక్ షెడ్డుకో, పండ్ల బండి దగ్గరికో, ఫర్నిచర్ పనికో వెళ్ళే పిల్లలు మన మొహల్లాలలో ఎందరో ఉన్నారు. పని చేయటం తప్పు కాదు. దావూద్ (అ) తన చేతుల కష్టంతోనే తినేవారు. కాని చదవగలిగిన వాణ్ణి, చదవాలని ఉన్నవాణ్ణి, ‘మనవాళ్ళకు ఉద్యోగాలెవరిస్తారు’ అన్న ఒక్క మాటతో మాన్పించటం వేరు. ఆ మాట కొన్నిసార్లు అనుభవంలోంచే వస్తుంది, కాదనం. అయితే అది తండ్రి నిరాశ. దాన్ని ఆస్తిలా కొడుక్కి పంచి ఇవ్వకూడదు.

ఉర్దూ మీడియంలో పది దాకా చదివి ఇంటర్‌లో చేరే పిల్లల సంగతి వేరే చెప్పాలి. నిన్నటి దాకా ‘మసావాత్’ అని చదివినది ఒక్కసారిగా ఈక్వేషన్ అవుతుంది, ‘ఖులియా’ సెల్ అవుతుంది. విషయం వచ్చినా మాట రాదు. లెక్చరర్ అడిగితే వెనక బెంచీలో తల వంచుకుంటాడు. మూడు నెలలు గడిచేసరికి తనకు బుర్ర లేదని తానే నమ్మేస్తాడు. ఇంట్లో చెప్పడు. చెబితే కాలేజీ మాన్పిస్తారని భయం. ఇలాంటి పిల్లలకు వేసవిలోనే రెండు భాషల పదాలూ పక్కపక్కన రాసి నేర్పగల అన్నలు, అక్కలు ప్రతి బస్తీలో ఉన్నారు. వాళ్ళను అడిగేవాళ్ళే లేరు.

ఎవరు దేనికి తగినవారు?

హాఫిజ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మ) క్రీ.శ. 1350లో పరమపదించిన మహా పండితులు. పిల్లల పెంపకంపై ఆయన రాసిన ‘తుహ్‌ఫతుల్ మౌదూద్’ గ్రంథంలో ఈ విషయం గురించి ఆశ్చర్యం కలిగించేంత వివరంగా చెప్పారు. ఆయన చెప్పినదాని సారాంశం ఇది: పిల్లవాడు దేనికి సిద్ధంగా ఉన్నాడో, దేనికి తగినట్లుగా పుట్టాడో పెద్దలు గమనించాలి. గ్రహణశక్తి, జ్ఞాపకశక్తి బాగుంటే విద్య వైపు నడపాలి. అలా కాక అతని మనసు గుర్రపు స్వారీ మీద, విలువిద్య మీద ఉంటే ఆ అవకాశం ఇవ్వాలి. ఏదైనా చేతిపని మీద అతని దృష్టి నిలిచి ఉంటే, ఆ పని ధర్మసమ్మతమైనదే అయితే, అందులో నిలదొక్కుకోనివ్వాలి. ధార్మికంగా ప్రతి వ్యక్తికీ అవసరమైన జ్ఞానం మాత్రం ముందుగా అందరికీ నేర్పాలి. అతనికి తగని దాన్ని బలవంతంగా తలకెత్తితే, అందులోనూ రాణించడు, తనకు తగినదీ చేజారిపోతుంది. దాదాపు ఏడు వందల ఏళ్ళ కిందటి మాట ఇది! ఈనాడు పాఠశాలల్లో కెరీర్ గైడెన్స్ పేరుతో చెప్పేది ఇంతకంటే ఎక్కువేమీ లేదు.

ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మ) దీన్ని సొంతంగా కనిపెట్టలేదు. దైవప్రవక్త (స) సన్నిధిలో పెరిగిన బాలుర జీవితాలు చూడండి. జైద్ బిన్ సాబిత్ (రజి) ఉహుద్ యుద్ధానికి ఉత్సాహపడి వస్తే, వయసు చాలని వారితో పాటు ఆయన్ను కూడా వెనక్కి పంపించారని సీరత్ గ్రంథాలు చెబుతాయి. ఆ వయసులో అలా వెనక్కి పంపేస్తే మనసుకు ఎంత కష్టమో ఊహించండి. కాని ఆ బాలునిలో మరో ప్రతిభ ఉంది. ఖుర్ఆన్ సూరాలను చక్కగా కంఠస్థం చేశారు, చదవటం రాయటం వచ్చు. దైవప్రవక్త (స) అది గమనించి యూదుల లిపి నేర్చుకోమని ఆదేశించారు. పదిహేను రోజులు తిరిగేసరికి నేర్చేసుకున్నారు. వహీ రాసే లేఖకులయ్యారు. హజ్రత్ అబూబకర్ (రజి) హయాంలో ఖుర్ఆన్ ప్రతులను ఒకచోట చేర్చే మహత్కార్యం ఎవరి చేతిలో పెట్టారు? యుద్ధానికి చాలడని వెనక్కి వచ్చిన ఆ బాలుని చేతిలోనే.

అబూ మహ్‌జూరా (రజి) కథ ఇంకా వింతైనది. హునైన్ నుంచి తిరిగి వస్తుండగా దారిలో ముస్లిములు అజాన్ ఇచ్చారు. దూరంగా కొందరు మక్కా కుర్రాళ్ళు ఆ అజాన్‌ను వెక్కిరిస్తూ అరిచారు. దైవప్రవక్త (స) వాళ్ళను పిలిపించి, గట్టిగా వినిపించిన గొంతు ఎవరిదని అడిగారు. అందరూ ఒకతన్ని చూపించారు. శిక్ష తప్పదనుకున్నాడు పాపం. దైవప్రవక్త (స) మాత్రం అతణ్ణి నిలబెట్టి, పదం పదం తానే చెబుతూ అతని చేత అజాన్ ఇప్పించారు. చివర్లో వెండి ఉన్న ఒక సంచి ఇచ్చి, అతని తల మీద, ఛాతీ మీద చెయ్యి నిమిరి దుఆ చేశారు. అంతదాకా తన మనసులో ఉన్న ద్వేషమంతా అప్పుడే ప్రేమగా మారిపోయిందని ఆయనే చెప్పుకున్నారు. ఆ కుర్రాడే మక్కాకు ముఅజ్జిన్ అయ్యాడు. వెక్కిరింతలో దైవప్రవక్త (స) విన్నది మంచి గొంతును. మన పాఠశాలల్లో ‘అల్లరివాడు’ అని పేరుపడిన పిల్లవాడిలో ఏముందో వినే చెవి ఎందరు ఉపాధ్యాయులకు ఉంది? ఉన్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు అల్లాహ్ శుభం కలిగించుగాక. చరిత్రకారుడు ఇబ్నె ఖల్‌దూన్ (రహ్మ) తన ‘ముఖద్దిమా’లో విద్యార్థుల పట్ల కాఠిన్యం వారికి హాని చేస్తుందని ప్రత్యేకంగా ఒక అధ్యాయమే రాశారు. కాఠిన్యంలో పెరిగిన పిల్లవాడు దెబ్బ తప్పించుకోవటానికి అబద్ధం నేర్చుకుంటాడని, అదే అతని స్వభావమైపోతుందని ఆయన హెచ్చరించారు.

ఈ సందర్భంలో ఒక మాట చెప్పకుండా ఉండలేం. స్కూల్లో రాణించని పిల్లవాణ్ణి ‘వీడికి చదువు రాదు, మదర్సాలో వేద్దాం’ అని తీసుకొచ్చే తండ్రులున్నారు. అల్లాహ్ గ్రంథానికి మిగిలిపోయిన వాణ్ణి ఇద్దామన్న ఆలోచన సరైనది కాదు. ఆ పిల్లవాడికీ అది అన్యాయమే. తన మీద ఎవరికీ ఆశ లేదు కనుక ఇక్కడికి పంపారని వాడికి తెలుసు. ఇష్టంతో వచ్చినవాడు మదర్సాలో వెలుగుతాడు. ఆలిమ్ కోర్సు చదువుతూనే ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి రాయవచ్చు. 1998లో హైదరాబాదులో స్థాపించిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం గుర్తింపు పొందిన మదర్సాల సనదులతో కూడా ప్రవేశాలు ఇస్తోంది.

దారులు చాలా ఉన్నాయి

చాలా ఇళ్ళలో పది తర్వాత రెండే దారులు తెలుసు: ఎం.పి.సి., బై.పి.సి. మిగతావన్నీ ‘ఓడిపోయినవాళ్ళ’ దారులు. ఈ అభిప్రాయం పోవాలి. పాలిసెట్ రాసి మూడేళ్ళ డిప్లొమా చేసినవాడు ఉద్యోగానికి వెళ్ళవచ్చు, లేదా ఈసెట్ ద్వారా నేరుగా ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ వంటి పనులు రెండేళ్ళలో సర్టిఫికెట్‌తో వస్తాయి. షెడ్డులో ఐదేళ్ళు తిట్లు తిని నేర్చుకునే పనికీ, దీనికీ జీతంలోనే కాదు, గౌరవంలోనూ తేడా ఉంటుంది. సి.ఇ.సి., ఎం.ఇ.సి. చదివి లెక్కల వైపు, న్యాయశాస్త్రం వైపు వెళ్ళవచ్చు. పది తప్పినవాళ్ళకు అదే వేసవిలో సప్లిమెంటరీ ఉంటుంది. పాసయితే సంవత్సరం పోకుండా ఇంటర్‌లో చేరతారు.

కాగితాల సంగతి కూడా ముందే చూసుకోవాలి. 2007 చట్టం ప్రకారం మన రెండు రాష్ట్రాల్లోనూ జాబితాలో ఉన్న ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ అమలవుతోంది. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు బి.సి.-బి కిందికి వస్తాయి. ఆధార్‌లో ఒక పేరు, పది మెమోలో మరో పేరు, ధ్రువపత్రంలో ఇంకో పేరు ఉండి, ‘షేక్’ ముందుందా వెనకుందా అన్న తేడాతో కౌన్సెలింగ్ రోజున కన్నీళ్ళు పెట్టుకునే పిల్లలను చూస్తుంటాం. తొమ్మిదో తరగతిలోనే ఈ పేర్లు సరిచూసి పెడితే ఆ కష్టం ఉండదు.

దారి ఎంచుకునేటప్పుడు ఇస్తిఖారా చేయటం సున్నత్. దైవప్రవక్త (స) తన సహచరులకు ఖుర్ఆన్ సూరా నేర్పినంత శ్రద్ధగా ఇస్తిఖారా నేర్పేవారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. అయితే చేయవలసింది ఎవరు? ఆ దారిలో నడవబోయే పిల్లవాడు. పదిహేనేళ్ళ వయసులో తన భవిష్యత్తు గురించి తానే రెండు రకాత్‌లు చదివి అల్లాహ్‌ను అడగటం ఎంత గొప్ప తర్బియత్! తండ్రి ఇస్తిఖారా చేసి, రాత్రి కలలో మెడికల్ కాలేజీ కనిపించిందని చెప్పటం ఇస్తిఖారా కాదు. కల రావాలన్న షరతు కూడా అందులో లేదు.

ఆడపిల్లల విషయంలో ఊళ్ళో జూనియర్ కాలేజీ లేకపోవటం, బస్సు సౌకర్యం లేకపోవటం నిజమైన ఇబ్బందులే. వాటికి పరిష్కారం వెతకాలి. నలుగురు అమ్మాయిలు కలిస్తే ఒక ఆటో మాట్లాడవచ్చు. ఇబ్బందిని సాకుగా చేసి సంబంధాలు చూడటం మొదలుపెట్టకూడదు. పద్దెనిమిదేళ్ళ లోపు పెళ్ళి 2006 చట్టం ప్రకారం నేరం. అది అలా ఉంచితే, తన ఇష్టం లేకుండా తండ్రి చేసిన పెళ్ళి గురించి ఖన్‌సా బిన్తె ఖిజామ్ (రజి) వచ్చి చెప్పుకుంటే దైవప్రవక్త (స) ఆ నికాహ్‌ను రద్దు చేశారు. షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ హఫ్సా (రజి)కి రాయటం నేర్పారు. దైవప్రవక్త (స) ఇంట్లోనే జరిగిన చదువు అది.

హాస్టల్లో ఉన్న పిల్లలు

తెలంగాణలో 2016లో 71 మైనారిటీ గురుకులాలు మొదలయ్యాయి. తర్వాత వాటి సంఖ్య రెండు వందలు దాటింది. ప్రైవేటు రెసిడెన్షియల్ కాలేజీలు రెండు రాష్ట్రాల్లోనూ లెక్కలేనన్ని. చదువుకు మంచిదే. కాని తెల్లవారక ముందే లేచి రాత్రి పది దాకా పుస్తకం ముందు కూర్చునే పిల్లవాడు లోపల ఎలా ఉన్నాడో ఎవరు కనుక్కుంటున్నారు?

మాలిక్ బిన్ హువైరిస్ (రజి) చెప్పిన సంఘటన వినండి. తామంతా ఇంచుమించు ఒకే ఈడు కుర్రాళ్ళమని, ధర్మం నేర్చుకోవటానికి వచ్చి దైవప్రవక్త (స) దగ్గర ఇరవై రోజులున్నామని ఆయన చెప్పారు. తాము ఇంటి మీద బెంగపెట్టుకున్నామని దైవప్రవక్త (స) తానే గ్రహించారు. ఇంట్లో ఎవరెవరిని వదిలి వచ్చారని అడిగి తెలుసుకున్నారు. ఇక ఇళ్ళకు వెళ్ళి, నేర్చుకున్నది మీ వాళ్ళకు నేర్పండని పంపించారు. ఆలోచించండి. మస్జిదె నబవీలాంటి పాఠశాల, అల్లాహ్ ప్రవక్త లాంటి గురువు! అక్కడ ఉన్నవాళ్ళకు కూడా ఇల్లు గుర్తుకొచ్చింది. అది తప్పని ఆయన అనలేదు. వాళ్ళు నోరు తెరిచి అడగక ముందే గమనించారు. మన హాస్టళ్ళలో బెంగపెట్టుకున్న పిల్లవాణ్ణి ‘నాటకాలాడుతున్నాడు’ అంటాం.

ఆదివారం హాస్టలుకు వెళ్ళినప్పుడు వీక్లీ టెస్టులో ర్యాంకు ఎంత అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. ఏం తిన్నావు, రాత్రి నిద్ర పడుతోందా, స్నేహితులెవరు అని అడగండి. ర్యాంకు సంగతి వాడే చెబుతాడు.

ఫలితాల రోజు

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. తెలుగులో 99 మార్కులు రావలసిన ఒక బాలికకు సున్నా వేసిన సంగతి ఆ రోజుల్లోనే బయటపడింది. ఫలితాల తయారీలో లోపాలున్నాయని త్రిసభ్య కమిటీ తేల్చింది. ఫెయిలైన వారందరి జవాబు పత్రాలనూ ఉచితంగా మళ్ళీ పరిశీలించారు. వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఆ పిల్లల గుండెల్లో ఏం జరిగిందో అల్లాహ్‌కే తెలుసు. ఇలాంటి నిర్ణయం వెనక ఒక్క కారణమే ఉంటుందని కూడా అనుకోకూడదు. అలాంటి విషాదం జరిగిన ఇంటికి వెళ్ళి ఫత్వాలు వినిపించేవారిని చూస్తే మాకు బాధ కలుగుతుంది. అక్కడ చేయవలసినవి దుఆ, ఓదార్పు, వంట చేసి పంపటం.

ప్రాణం అల్లాహ్ అమానతు, ఆయన కారుణ్యం పట్ల నిరాశ చెందకూడదు. ఈ మాట పిల్లలకు చెప్పాలి, తప్పకుండా చెప్పాలి. అయితే చెప్పవలసిన వేళ కష్టం రాకముందు. కష్టంలో ఉన్నప్పుడు ముందు వినాలి. దుఃఖపడటం ఈమాన్ లోపమని కొందరు పిల్లలను భయపెడతారు. యూసుఫ్ (అ) కోసం దుఃఖించి దుఃఖించి యాఖూబ్ (అ) కళ్ళు తెల్లబడిపోయాయని ఖుర్ఆనే చెబుతోంది. దిగులు నుంచి, దుఃఖం నుంచి శరణు కోరుతూ దైవప్రవక్త (స) స్వయంగా దుఆ చేసేవారు. అల్లాహ్ ఏ వ్యాధినీ దాని మందు లేకుండా దించలేదని కూడా ఆయనే తెలిపారు. మనసు జబ్బు ఇందుకు మినహాయింపు కాదు. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ బల్ఖీ శరీర ఆరోగ్యం గురించి, మనసు ఆరోగ్యం గురించి కలిపి ఒక గ్రంథం రాశారు. మనసుకూ వైద్యం ఉందని వెయ్యేళ్ళ కిందటే మన పండితులకు తెలుసు. ఈనాడు మాత్రం ‘డాక్టరు దగ్గరికి తీసుకెళితే పిచ్చివాడంటారు’ అని దాచుకుని, పిల్లవాణ్ణి ఒక తావీజు దగ్గర నుంచి మరో తావీజు దగ్గరకు తిప్పుతున్నాం.

తిండి తగ్గించటం, రాత్రంతా మేలుకోవటం, స్నేహితులకు దూరమవటం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయటం, ‘నేను లేకపోతే మీకు ఈ ఖర్చు ఉండేది కాదు’ వంటి మాటలు అనటం - వీటిని తేలికగా తీసుకోవద్దు. బతకాలనిపించటం లేదా అని నేరుగా, మెల్లగా అడగవచ్చు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు. మోస్తున్న బరువు దించుకునే వీలు కలుగుతుంది. అవునంటే వాణ్ణి ఒంటరిగా వదలకండి, వైద్యుని దగ్గరికి తీసుకెళ్ళండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్‌కు 14416 నెంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు. పిల్లలు తమంతట తామే సాయం కోరటానికి 1098 ఉంది. ఈ రెండు నెంబర్లను ఇంట్లో నమాజు వేళల పట్టిక పక్కనే రాసి పెట్టండి.

మస్జిద్ ఏం చేయగలదు?

2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలన్నింటిలో ఒకే రోజు తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశాలు జరిగాయి. ఇలాంటి రోజున దుకాణం గంటసేపు మూసి వెళ్ళటం తండ్రి బాధ్యత. తల్లి వెళ్ళింది కదా అని సరిపెట్టుకోకూడదు. ఉపాధ్యాయుడు ముస్లిమేతరుడైనా మన బిడ్డ గురించి మనకు తెలియని విషయాలు ఆయనకు తెలిసి ఉంటాయి. ఆయనకు సలాం చేసి, కూర్చుని, వినండి.

మస్జిద్ కమిటీలకు మా విన్నపం ఒకటుంది. సున్నం వేయించటానికి, ఏ.సి.లు పెట్టించటానికి చందాలు పోగుచేసినంత శ్రద్ధతో ఒక నోటుపుస్తకం కొనండి. మొహల్లాలో ఈ ఏడు పది, ఇంటర్ రాస్తున్న పిల్లలెవరు, ఎక్కడ చదువుతున్నారు, తండ్రి ఊళ్ళో ఉన్నాడా లేక గల్ఫ్‌లో ఉన్నాడా అని రాసుకోండి. మహా అయితే ముప్పై నలభై పేర్లుంటాయి. ఇల్లు ఇరుకైన పిల్లలకు మగ్‌రిబ్ తర్వాత మస్జిద్‌లో ఒక గది, ఒక ఫ్యాను, ఒక లైటు ఇవ్వండి. ఫీజు కట్టలేని నిరుపేద విద్యార్థి జకాత్‌కు హక్కుదారుడే, అయితే ఇచ్చేటప్పుడు పదిమందిలో పిలిచి ఫొటో తీయకండి. తండ్రి లేని పిల్లవాడికి, తండ్రి దూరాన ఉన్న పిల్లవాడికి జమాఅత్‌లో నమ్మకస్తుడైన ఒక పెద్దమనిషిని చూపించి, ‘నీకేం కావాలన్నా ఈ చాచాను అడుగు’ అని చెప్పండి. ఆడపిల్లల కోసం చదువుకున్న ఒక ఆపాను చూడండి.

ఇమాములకు, ఖతీబులకు మరొక్క మాట. పది, ఇంటర్ ఫలితాలు వచ్చే తేదీ కొద్ది రోజుల ముందే తెలుస్తుంది. ఆ ముందటి శుక్రవారం బయానులో తండ్రులతో చెప్పండి: ఫలితం చూసేటప్పుడు పిల్లవాడి పక్కనే ఉండమని, మొదటి మాట ముద్దు పిలుపే కావాలని, ఆ సాయంత్రం చుట్టాల ఫోన్లు ఎత్తవద్దని, మగ్‌రిబ్‌కు వాణ్ణి వెంటబెట్టుకుని మస్జిద్‌కు తీసుకురమ్మని. నమాజయ్యాక ‘ఎన్ని వచ్చాయి?’ అని ఎవరూ అడగకుండా చూసే పని ఖతీబుదే.